ఊరేగింపు ఆగిన చోట్లు

పెద్ద డ్రమ్ము మోసేవాడికి తన కాళ్ళు కనిపించవు. ఛాతీ నుంచి తొడల దాకా డ్రమ్మే అడ్డం. ముందు నడిచేవాడి వీపు చూస్తూ, ఎడమ కాలు నేల మీద పడినప్పుడల్లా ఒక దెబ్బ వెయ్యాలి. అంతే పని. మిగతా బ్యాండంతా ఆ దెబ్బ మీద అడుగు వేస్తుంది. పెళ్ళి ఊరేగింపైనా, శవయాత్రైనా, కొత్త దుకాణం తెరిచినా అదే దెబ్బ. తేడా వేగంలోనే.

నాకు చెడింది ఆ ఎడమ కాలే.

మొదట పిక్క పట్టేసింది. బజారుకు నడుస్తుంటే ఎవరో పిక్కను తడిగుడ్డలా పిండినట్టుండేది. నిలబడితే పోయేది. మళ్ళీ నడిస్తే వచ్చేది. వయసు అనుకున్నాను. ఒంట్లో షుగరు ఉన్నవాడు ప్రతి నొప్పికీ వయసు పేరు పెడతాడు, ఇంకో పేరు వినడం ఇష్టం లేక. తర్వాత పాదం చల్లబడింది. కుడిపాదం మామూలుగా ఉంటే ఎడమది బావిలోంచి తీసినట్టుండేది. నా కూతురు ఒకరోజు పట్టుకు చూసింది. ఆసుపత్రికి పదమంది. నేను రానన్నాను.

"అమ్మ కూడా ఇలాగే రానంది" అంది.

ఎక్కడ కొట్టాలో దానికి తెలుసు. బయలుదేరాను.

పెద్ద డాక్టరు తక్కువ మాట్లాడాడు. కాలు పైకెత్తించి రంగు చూశాడు, దించి చూశాడు, చీటీ రాసి నడక గదికి పంపాడు. ఆ గదిలో ఉండే అమ్మాయిని అందరూ కాళ్ళ టీచరమ్మ అంటారు. కాళ్ళలో రక్తం ఆడనివాళ్ళకు నడక నేర్పడం ఆమె ఉద్యోగం. నా కూతురి వయసే ఉంటుంది. గొంతు మాత్రం హెడ్మాస్టరుది. ముందు నన్ను వరండాలో నడిపించింది; మంచినీళ్ళ కుళాయి దగ్గర పిక్క పట్టి ఆగాను.

చేతికి కట్టే రక్తపోటు పట్టీని చీలమండకు కట్టింది. పాదం మీద చల్లటి జిగురు రాసి, పెన్నులాంటిది ఆనించింది. పక్కనున్న పెట్టెలోంచి చప్పుడు వచ్చింది.

"మీ రక్తం చప్పుడే అది" అంది.

కుడికాలిది బాగానే వినిపించింది. ఎడమకాలి దగ్గర పెన్ను అటూ ఇటూ జరిపి చాలాసేపు వెతికింది. చివరికి దొరికింది. తాళం తప్పలేదు. దెబ్బలో బలం లేదు. గోడ అవతల ఎవరో కొడుతున్నట్టుంది. ఆ చప్పుడుకు అర్థం నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా చెప్పింది. "షుగరు వల్ల కాలికి రక్తం తీసుకెళ్ళే గొట్టాలు ఇరుకైపోయాయి. పూర్తిగా మూసుకోలేదు. పద్ధతిగా నడిస్తే పక్కనున్న సన్న గొట్టాలు కొంత తెరుచుకుంటాయి. పిక్క కూడా ఉన్న రక్తంతోనే సర్దుకోవడం నేర్చుకుంటుంది. నడవకపోతే కాలు ఇంకా చల్లబడుతుంది. అప్పుడు చిన్న పుండు పడినా మానదు. మానకపోతే వేలు తీస్తారు. అక్కడితో ఆగకపోతే..."

నా కూతురు సంచి పట్టీని చేతికి చుట్టుకుంటూ నిలబడింది.

"కాలు" అన్నాను.

"అవును" అంది టీచరమ్మ.

దాచకుండా చెప్పింది. అది నాకు నచ్చింది. ఆ రోజు నచ్చింది అదొక్కటే.

నడకకు పద్ధతి ఉందట. చదునైన దారి చూసుకోవాలి. నడవాలి. పిక్కలో నొప్పి మొదలవుతుంది. మొదలవగానే ఆగకూడదు. ఓర్చుకోగలిగినంత ముదిరేదాకా నడిచి, అప్పుడు ఆగాలి. పూర్తిగా పోయాక మళ్ళీ నడవాలి. అలా ముప్పావుగంట, వారంలో ఎక్కువ రోజులు. గుండెలో నొప్పి వస్తే మాత్రం అక్కడే ఆగి మనిషిని పిలవాలి. ఇంట్లో కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తి దించాలి. రోజూ అరికాళ్ళు చూసుకోవాలి.

"నొప్పి రాకముందే ఆగితే ఆ నడక లెక్కలోకి రాదు. గుర్తుపెట్టుకోండి" అంది.

"మాది నడిచే పనేనమ్మా. కాలికి బలపం కట్టుకు తిరిగే బతుకు" అన్నాను.

"ఏం పని?"

చెప్పాను. ఊరేగింపులో కొంత నడుస్తాం, ఆగి ఒక పాట వాయిస్తాం, మళ్ళీ నడుస్తాం. ఆమె కాసేపు ఆలోచించింది.

"నడవడం, ఆగడం, నడవడం. బాగానే ఉంది. నొప్పి వచ్చేదాకా నడుస్తున్నారంటే చాలు" అంది.

అందరం ఒప్పుకున్నాం. బయట బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ప్యాంటు ఒక కాలు మోకాలి దగ్గర మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. నన్ను చూసి, నా కాళ్ళు చూసి, పక్కకు జరిగి చోటిచ్చాడు. నేను కూర్చోలేదు.

*

మా బ్యాండు మాస్టరు నా బావమరిది. నా భార్యకు తమ్ముడు. బూర వాడిది. నా కూతురు చిన్నప్పటి నుంచీ వాణ్ణి బూరమామయ్య అంటుంది. ఎప్పుడు నడవాలో, ఎక్కడ ఆగాలో వాడి ఈల చెబుతుంది. ఈల మెడలో వేలాడుతుంటుంది.

నేను వాడితో పని మాట తప్ప వేరే మాట ఆడను. మేము పై ఊళ్ళో వాయిస్తున్నప్పుడు నా భార్య ఇంట్లో పడిపోయిందని ఫోను వచ్చింది. ఫోను వచ్చింది వాడికి. వాడు నాకు చెప్పలేదు. ఊరేగింపు ముగిశాక, డ్రమ్ము దింపాక, టీ తాగించి అప్పుడు చెప్పాడు. మేము వెళ్ళేసరికి ఆవిడ ముఖం మీద గుడ్డ కప్పేశారు. చెడు కబురు చెప్పలేని నోరు వాడిది. ఊదడానికి తప్ప దేనికీ పనికిరాదు.

బ్యాండు మానెయ్యొచ్చుగా అని అడిగినవాళ్ళున్నారు. డ్రమ్ము నాది, బూర వాడిది. విడివిడిగా రెండూ గోలే.

నా కాలి సంగతి వాడికి చెప్పొద్దని కూతురికి చెప్పాను. చెప్పేసింది.

"మామయ్యకు తెలియకపోతే ఎలా నాన్నా? దారిలో పడిపోతే?"

"పడిపోతే లేస్తాను."

"డ్రమ్ముతోనా? బోర్లాపడ్డ తాబేలులా కొట్టుకుంటావు."

దాని నోరు వాళ్ళమ్మది.

ఆ తర్వాత పెళ్ళిళ్ళ కాలం వచ్చింది. దాదాపు రోజూ ఊరేగింపే. మొదటి రోజు పిక్క ఎప్పుడు పిండుతుందా అని భయపడుతూ నడిచాను. పిండలేదు. సన్నగా ఏదో మొదలైనట్టు అనిపించేలోగా ఈల వినిపించింది. ఆగాం. పాట వాయించాం. మళ్ళీ నడిచాం. మర్నాడూ అంతే. వారం గడిచినా నొప్పి రాలేదు. పాత రోజుల్లో ఒక్క ఊపున నడిచే దారిలో ఇప్పుడు ఎక్కువసార్లు ఆగుతున్నామన్న సంగతి నా బుర్రకు ఎక్కలేదు. పెళ్ళివాళ్ళకు పాటలు ఎక్కువ కావాలేమో అనుకున్నాను. డ్రమ్ము వెనకాల ఉన్నవాడికి దారి కనిపించదు. ఎదుటివాడి వీపే కనిపిస్తుంది.

బజారుకు ఒక్కణ్ణే వెళ్ళినప్పుడు మాత్రం నొప్పి వచ్చేది. సంచి బరువు అనుకున్నాను. ఇంకోరోజు దారి ఎత్తు అనుకున్నాను. ఆ దారి ఎప్పుడూ ఎత్తు కాదు.

ఇంటి దగ్గర కుర్చీ పట్టుకుని మడమలు ఎత్తాను, దించాను. సాయంత్రం అరికాళ్ళు చూసుకున్నాను. వంగలేను కాబట్టి ఆవిడ చేతి అద్దం నేల మీద పెట్టి, దాని మీద కాలు ఎత్తి చూసుకునేవాణ్ణి. ముఖం చూసుకోవడానికి కొనుక్కున్న అద్దం. వేళ్ళ మధ్య అద్దంలో సరిగా కనిపించదు. అది కూతురు చూసేది. చూస్తున్నంతసేపూ నేను దాని నుదురు చూసేవాణ్ణి. ముడి పడితే పుండు ఉన్నట్టు.

పెళ్ళిళ్ళ కాలం చివర ఒకరోజు నుదురు ముడి పడింది.

"చిటికెన వేలు పక్కన ఎర్రగా ఉంది నాన్నా."

"నొక్కు."

"నొక్కుతున్నా."

నాకు తెలియలేదు. అది నొక్కుతోందని అది చెబితేనే తెలిసింది.

*

టీచరమ్మ ఆ ఎరుపును భూతద్దం దీపం కింద పెట్టి చూసింది.

"ఏం బూట్లు?"

తెల్లవి. బ్యాండువి. ముందు సన్నగా ఉంటాయి.

"చర్మం పగల్లేదు. ఈ బూట్లు ఇంక వెయ్యకండి. వేళ్ళు విడిగా ఆడే వెడల్పు బూట్లు కావాలి. పగిలిందంటే నడక ఆ రోజే ఆపి నా దగ్గరకు రావాలి. ఒక్క పూట కూడా చూడొద్దు." తర్వాత కాగితాలు తిప్పింది. "సరే, వరండాలో నడవండి. పోయినసారి మంచినీళ్ళ కుళాయి దాకా వెళ్ళారు. ఈసారి చివరి కిటికీ దాకా వెళ్తారని చూస్తున్నా."

నేను కూడా అదే చూస్తున్నాను. నడిచాను. డ్రమ్ము లేదు, ఎండ లేదు, నేల అద్దంలా ఉంది. కుళాయి ఇంకా దూరంగా ఉండగానే పిక్క పట్టింది. అక్కడొక బరువు చూసే మిషను ఉంది. దాని పక్కన గోడ పట్టుకుని ఆగిపోయాను. మిషను మీద నిలబడ్డ మనిషి నేను వరస తప్పించి వచ్చాననుకుని, "నా తర్వాతే" అన్నాడు.

టీచరమ్మ నా దగ్గరకు వచ్చింది.

"మీరు నడవట్లేదు."

"నడుస్తున్నాను."

"రోజూనా?"

"దాదాపు రోజూ. ఊరంతా చూస్తుంది నేను నడవడం."

"నొప్పి వచ్చేదాకా?"

"ఊరేగింపులో నొప్పే రాదు."

"ఇక్కడ ఖాళీ చేతులతో వచ్చింది. అక్కడ అంత బరువు మోస్తూ రాదా?"

నా కూతురు నేల చూస్తోంది.

"నడిచిందంతా వృథా అయింది. నొప్పి దాకా వెళ్ళకపోతే కాలు ఏమీ నేర్చుకోదు. మీరు బాగా ఒడుపుగా, అది రాకముందే ఆగుతున్నారు." ఆమె కోపంగా లేదు. అర్థంకాక చూస్తోంది. "ఊరేగింపును ఎవరు ఆపుతారు?"

అప్పుడు తెలిసింది. ఒళ్ళు చల్లబడింది. ఈసారి పాదం ఒక్కటే కాదు.

పెద్ద డాక్టరు చూశాడు. ఒక నెల గడువిచ్చాడు. దూరం పెరగకపోయినా, వేలు పగిలినా, రక్తంలోకి రంగు ఎక్కించి గొట్టాల ఫొటో తీసి, కత్తి సంగతి ఆలోచిస్తామన్నాడు. ఏ కత్తి, ఎంత కత్తి అని నేను అడగలేదు. అడిగితే చెప్పేవాడే.

దారిలో కూతురు అంది, "నేను మామయ్యకు చూసుకోమని చెప్పానంతే నాన్నా. నడిస్తే నొప్పొస్తుంది, జాగ్రత్త అని. నొప్పి రావాలని చెప్పలేదు."

"సగం చెబితే వాడు ఆ సగమే వింటాడు."

"నాకేం తెలుసు."

"నీకు తెలుసు. నువ్వు గదిలోనే ఉన్నావు."

అది ఏడ్చింది. నేను ఊరుకోబెట్టలేదు.

*

బ్యాండు గది సైకిళ్ళ కొట్టు మీద ఉంటుంది. మేకులకు ఎర్ర కోట్లు, మూలన డ్రమ్ములు, కిటికీలో టోపీలు. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి బావమరిది బూరకు నూనె పెడుతున్నాడు. పక్కన తాళాలు వాయించే జల్లెడ ఉన్నాడు. వాడికి ఆ పేరు ఊరికే రాలేదు. నోట్లో నువ్వుగింజ నానదు.

నా కాళ్ళ వైపు చూసి జల్లెడ నవ్వాడు. "ఏంటన్నా, నల్లబూట్లు? పడవల్లా ఉన్నాయి. ఏరు దాటుతున్నావా?"

"పెళ్ళికొడుకు నీ బూట్లు చూడడులే బావా" అన్నాడు బావమరిది. "బాగున్నాయి. వేసుకో."

"ఊరేగింపును ఎక్కడ ఆపాలో ఎలా తెలుస్తుంది నీకు?" అన్నాను.

బావమరిది గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "అదేం ప్రశ్న బావా. కూడలి వస్తే ఆపుతాం. జనం ఆగమంటే ఆపుతాం."

"మొన్న టైర్ల కొట్టు ముందు ఆపావు. అక్కడ కూడలి లేదు. జనం లేరు. టైర్లున్నాయి."

జల్లెడ ఆపుకోలేకపోయాడు. "నీ కాలే సిగ్నలు అన్నా మాకు. నీ దెబ్బ ఇంత వెనకబడుతుంది," వేలి మీద గోరంత చూపించాడు, "మాస్టారు ఈల ఊదేస్తాడు. మేమంతా ముందే కాచుక్కూచుంటాం. ఇప్పుడు పడుతుంది, ఇప్పుడు పడుతుంది అని."

"నువ్వు కాసేపు నోరు మూసుకో" అన్నాడు బావమరిది.

"నేనేమన్నాను?"

"ఎప్పటి నుంచి?" అన్నాను.

బావమరిది గుడ్డ పక్కన పెట్టాడు. "అమ్మాయి చెప్పినప్పటి నుంచి. అంతకు ముందు కూడా వినిపించేది. ఎడమకాలు ఈడుస్తున్నావు. దెబ్బ కూడా కాలితో పాటు ఈడ్చుకొచ్చేది. నువ్వు నొప్పి పడతావని..."

"నొప్పి పడమనే చెప్పారు."

"ఎవరు?"

"ఆసుపత్రిలో. నొప్పి వచ్చేదాకా నడిస్తేనే కాలు నిలుస్తుంది. నువ్వు రానివ్వలేదు. ఇంత కాలం నన్ను ఎత్తుకుని తిరిగినట్టు తిప్పావు. నెల గడువిచ్చారు. తర్వాత కొయ్యడమే."

వాడి ముఖంలో రక్తం లేదు. జల్లెడ తాళాలు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. అవి చప్పుడు చేస్తాయని భయం.

"నాకు తెలియదు బావా."

"అడిగావా?"

"నువ్వు నాతో మాట్లాడితే కదా అడగడానికి."

"మాట్లాడినప్పుడు మాత్రం చెప్పావా? ఫోను వచ్చిన రోజు నా పక్కనే నడిచావు. ఊరు ఊరంతా నడిచావు. ఒక్క మాట చెప్పావా?"

వాడు నూనె సీసాకు మూత పెట్టాడు. తర్వాత అన్నాడు. "అక్కే చెప్పొద్దంది. ఫోనులో మాట్లాడింది అక్కే. బాగానే ఉన్నాను, మీ బావకు చెప్పకు, మధ్యలో వదిలేసి వస్తే పరువు పోతుంది అంది."

ఇన్నేళ్ళకు ఆ ముక్క చెప్పాడు.

"ఆవిడ చెప్పొద్దంటుంది. నువ్వు వినకూడదు" అన్నాను.

వాడు తల వంచుకున్నాడు. వంచుకున్న తలతో నాకేం పని?

"ఎల్లుండి మిల్లు ఊరేగింపు. పెద్ద కూడలి దాకా ఎక్కడా ఆపొద్దు. నా కాలు వినొద్దు. నేను వెనకబడితే వెనకబడతాను."

"డ్రమ్ము లేకుండా బ్యాండు ఎలా నడుస్తుంది బావా?"

"అది మాస్టరు చూసుకోవాలి" అని మెట్లు దిగాను. దిగుతుంటే పిక్క పట్టింది. వాళ్ళకు వినపడకుండా మధ్యమెట్టు మీద నిలబడ్డాను. వినపడే ఉంటుంది.

*

నూలు మిల్లు పెట్టి చాలా ఏళ్ళయిందని పనివాళ్ళంతా జెండాలు పట్టుకుని మైదానం దాకా నడిచే రోజు అది. మిల్లు గేటు ముందు వరస కట్టాం. ముందు బావమరిది, వెనక బూరలు, క్లారినెట్టు, జల్లెడ, చిన్న డ్రమ్ము మోసే లావుపాటి మనిషి, చివర నేను. నా వెనక మిల్లు జనం.

ఈల మోగింది. నడిచాం.

సబ్బుల దుకాణం, కంటిడాక్టరు బోర్డు, మూసిన సినిమాహాలు. అక్కడి దాకా కాలు బాగానే ఉంది. టైర్ల కొట్టు దగ్గర మొదలైంది. ముందు పిక్కలో దారం లాగినట్టు. తర్వాత తాడు. అంతకు ముందు అక్కడే ఈల మోగేది. ఇప్పుడు బావమరిది ఎడమ చెయ్యి ఛాతీ మీదకు వెళ్ళింది. ఈల పట్టుకుంది. వరస మధ్యలోంచి నాకు ఆ మోచెయ్యి కనిపిస్తోంది. నోటి దాకా లేచింది. ఆగింది. కిందకి దిగింది. చెవులు వెనక నుంచి ఎర్రగా కనిపించాయి. వింటున్నాడు. వినొద్దన్నా వింటున్నాడు.

దెబ్బ తాళంలోనే వెయ్యాలని చూశాను. కాలు రాకముందే చెయ్యి వేసేశాను. బ్యాండు మోసపోయింది, కాలు మోసపోలేదు. పిక్కలోంచి నొప్పి చీలమండ దాకా దిగింది. ఇది ఓర్చుకోగలిగినంతేనా, మించిందా? టీచరమ్మ మాట చెప్పింది కానీ కొలబద్ద ఇవ్వలేదు. ఇంకొంచెం అనుకున్నాను. ఇంకొంచెం. దాని కింద ఇంకో భయం. చిటికెన వేలు. అది పగులుతుంటే నాకు తెలియదు. పిక్క అరుస్తుంది, వేలు చెప్పదు. కొత్త బూటులో ఏం జరుగుతోందో నాకంటే ఆ బూటుకే బాగా తెలుసు.

మందుల షాపు అరుగు దగ్గర పక్కకు తప్పుకున్నాను.

చెయ్యి మాత్రం ఆపలేదు. నిలబడి కొడుతూనే ఉన్నాను. బ్యాండు ముందుకు పోయింది. దూరం పెరిగేకొద్దీ నా దెబ్బ వాళ్ళకు ఆలస్యంగా చేరింది. వరసలో అడుగులు తడబడ్డాయి. క్లారినెట్టాయన కుడీ ఎడమా మార్చుకోవడానికి గెంతాడు. జల్లెడ వెనక్కి తిరిగి చూశాడు. బావమరిది చూడలేదు. చెయ్యి పైకెత్తి చిన్న డ్రమ్ము వైపు వేలు చూపించాడు. లావుపాటి మనిషి తాళం అందుకున్నాడు. అడుగులు సర్దుకున్నాయి.

నేను కర్ర దించాను.

మిల్లు జనం నా పక్కనుంచి పోయారు. వాళ్ళలో ఒకడు, "ఏం తాతా, డ్రమ్ముకు గాలి పోయిందా?" అన్నాడు.

"నువ్వు నడు" అన్నాను.

నొప్పి దిగడానికి వాళ్ళంతా దాటిపోయేంతసేపు పట్టింది. పూర్తిగా పోయేదాకా నిలబడ్డాను. మళ్ళీ నడిచాను. పాట మలుపు తిరిగి ఎక్కడో వినిపిస్తోంది. దారిలో కాగితపు జెండాలు పడి ఉన్నాయి. ఒంటరిగా డ్రమ్ము మోసుకుంటూ, కొట్టకుండా నడిచేవాణ్ణి చూసి దుకాణాల్లోంచి జనం తలలు బయటపెట్టారు. గడియారాల షాపు ముందు మళ్ళీ పట్టింది. ఓర్చుకుని పక్క ఇల్లు దాటాను. ఆగాను. నడిచాను. బడి గోడ పొడవునా ఓర్చుకున్నాను.

మైదానానికి చేరేసరికి ఎవరో మైకులో మాట్లాడుతున్నారు. మా వాళ్ళు చెట్టునీడలో కూర్చున్నారు. బావమరిది బూర తిరగేసి ఉమ్మి నీళ్ళు వంచుతున్నాడు.

"వచ్చావా అన్నా" అన్నాడు జల్లెడ. "మేము నిన్ను పేపర్లో వేయిద్దామనుకుంటున్నాం. ఎర్రకోటు, నల్లబూట్లు, తప్పిపోయినవాడు."

నేను డ్రమ్ము దింపాను. బావమరిది నన్ను కాదు, నా కాళ్ళు చూశాడు. తర్వాత లేచి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. సూటిగా నా కళ్ళలోకి చూశాడు. అలాంటి ముఖం వాడికి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

"బావా. రేపటి పెళ్ళికి నువ్వు రావద్దు."

"ఏం?"

"నువ్వు ఆగాల్సిన చోట బ్యాండు ఆగదు. బ్యాండు ఆగే చోట నువ్వు ఆగకూడదు. రెండూ కుదరవు. కాలు బాగయ్యేదాకా రావద్దు. డ్రమ్ము వీడు మోస్తాడు." లావుపాటి మనిషి వైపు చూపించాడు. అతను గడ్డి పీకుతున్నాడు.

"బాగవకపోతే?"

జల్లెడ దగ్గాడు. సాయం కోసం బావమరిది అటు చూడలేదు.

"బాగవకపోతే రావద్దు" అన్నాడు.

మైకులో చప్పట్లు కొట్టమన్నారు. జనం కొట్టారు. నా డ్రమ్మును వాడు నా నుంచి తీసేశాడు. ముఖం మీదే, అందరిముందూ. చెంప మీద కొట్టాలనిపించింది. ఈ నోరు ఆ రోజు తెరిచి ఉంటే నేను ఆవిడను బతికుండగా కళ్ళతో చూసి ఉండేవాణ్ణి. అందుకు వాణ్ణి వదలను. కానీ ఇప్పుడు వాడు చెప్పింది అబద్ధం కాదు. అది కూడా నాకు తెలుసు.

"ఇలా మాట్లాడ్డం ఎప్పుడు నేర్చుకున్నావు?"

"బాగుందా, బాలేదా చెప్పు బావా."

"బాలేదు."

చెట్టు వేరు మీద కూర్చుని ఎడమ బూటు విప్పాను. మేజోడు లాగాను. వంగితే పొట్ట అడ్డం. అద్దం ఇంట్లో ఉంది, కూతురు ఇంట్లో ఉంది. పొద్దుపోయేదాకా ఆగి తెలుసుకునే ఓపిక లేదు. కాలు చాపాను.

"చిటికెన వేలు పక్కన చూడు" అన్నాను.

వాడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పాదాన్ని రెండు చేతుల్లో పట్టుకున్నాడు. చల్లగా ఉందేమో, ఒకసారి నా ముఖంలోకి చూశాడు. వేళ్ళు విడదీశాడు. వంగి, వెలుగు పడేలా తిప్పి, చాలాసేపు చూశాడు. నేను వాడి నుదురు చూశాను. వాడి నుదురు నాకు చదవడం రాదు. ఇన్నేళ్ళూ చూడలేదు.

"ఎర్రగానే ఉంది" అన్నాడు.

"పగిలిందా?"

"పగల్లేదు."

"నిజం చెప్పు."

"పగల్లేదు బావా."

వాడి కళ్ళలోకి చూశాను. వాడు తిప్పుకోలేదు. చాలదు.

"ఒరే జల్లెడా, ఇటు రా. నువ్వు చూడు."

జల్లెడ తాళాలు పక్కన పెట్టి వచ్చాడు. బావమరిది ఏమీ అనకుండా చోటిచ్చాడు, పాదం మాత్రం వదల్లేదు. జల్లెడ ముక్కు చిట్లించి వంగాడు.

"పగల్లేదన్నా. ఎర్రగా ఉంది, అంతే. ఒకసారి కడుక్కుంటే ఇంకా బాగా కనిపిస్తుంది."

మేజోడు మడత పడకుండా తొడుక్కున్నాను. బూటు తాడు బావమరిది కట్టబోయాడు. చెయ్యి తోసేసి నేనే కట్టుకున్నాను. వంగినప్పుడు కళ్ళు తిరిగాయి. కట్టుకున్నాను.

"వ్యాను వస్తుంది. ఎక్కుతావా?" అన్నాడు.

"ఎక్కను."

"నేను తోడు రానా?"

"వద్దు. నువ్వు వస్తే ఆపుతావు."

వాడు రాలేదు. మైదానం గేటు దాకా నొప్పి లేదు. గేటు దాటాక బడి గోడ మొదలయ్యే చోట దారం లాగినట్టయింది. ఆ గోడ చాలా పొడవు. చివర ఎక్కడో మలుపు. మలుపు అవతల ఏం ఉందో పొద్దున చూశాను కానీ, ఇప్పుడు గుర్తు రాలేదు. నడిచాను.